ఉపవాసం, ఆటోఫజీ, క్యాన్సర్: ఆ ఫార్వర్డ్ చెప్పని సగం

నమస్తే. "ఉపవాసం ఉండండి, ఆటోఫజీ మొదలవుతుంది, శరీరమే క్యాన్సర్ కణాల్ని తినేస్తుంది, దీనికి నోబెల్ కూడా ఇచ్చారు." ఈ మెసేజ్ మీ ఫ్యామిలీ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది. కీమో నడుస్తున్న మనిషికి కూడా దీన్ని పంపుతున్నారు. అది చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. అందుకే ఈ వీడియో.

ముందు నోబెల్ సంగతి. 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి వచ్చింది, నిజమే. ఆయన పనిచేసింది ఈస్ట్ మీద. తిండి అందని ఈస్ట్ కణం తనలోని భాగాల్నే కరిగించి వాడుకోవడాన్ని, అంటే ఆటోఫజీని, మైక్రోస్కోప్‌లో పట్టుకున్నారు, ఆ పని నడిపే జన్యువుల్ని వెతికి తీశారు. గొప్ప పని. కానీ అందులో క్యాన్సర్ రోగులు లేరు, మనుషుల ఉపవాసాలూ లేవు.

ఇప్పుడు ఒక లారీ, దాని క్లీనర్ని ఊహించుకోండి. ఆటోఫజీ ఆ క్లీనర్. పాడైన పార్టులు పీకేస్తాడు, పనికొచ్చేవి మళ్లీ వాడతాడు. ఆరోగ్యంగా ఉన్న కణంలో వాడు మానేస్తే కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా చెడిపోయి పేరుకుంటాయి, డీఎన్‌ఏ దెబ్బతింటుంది. అంటే వైర్లు రాసుకుని లారీకి నిప్పంటుకుంటుంది. 1999లో బెత్ లెవీన్ అనే శాస్త్రవేత్త బృందం రొమ్ము క్యాన్సర్ కణాల్లో బెక్లిన్-1 అనే ఆటోఫజీ జన్యువు పనిని పెంచి చూసింది. ఎలుకల్లో ఆ కణాలు కణితులు కట్టడం తగ్గింది. 2003లో ఇంకో సంగతి తేలింది. ఈ జన్యువు రెండు కాపీల్లో ఒకటి లేని ఎలుకలకు కణితులు ఎక్కువగా వచ్చాయి. మీ ఫార్వర్డ్ ఇక్కడే ఆగిపోతుంది.

కానీ స్టీరింగ్ దొంగ చేతిలో పడితే, అంటే కణం క్యాన్సర్‌గా మారిపోతే? క్లీనర్ తన పని తాను చేసుకుపోతాడు. దొంగకీ టైర్లు మారుస్తాడు, ఇంజన్ చల్లబరుస్తాడు.

నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటుంది, 2011లో వచ్చింది. ఏటీజీ5, ఏటీజీ7 అనే ఆటోఫజీ జన్యువుల్ని ఎలుకల్లో తీసేశారు. కాలేయంలో కణితులు పుట్టాయి. కానీ అవి ముదరలేదు, పాకలేదు. క్లీనర్ లేకపోతే లారీకి నిప్పంటుకుంటుంది సరే, ఆ లారీ హైవే మాత్రం ఎక్కలేదు! ఒకే జన్యువుకి రెండు ముఖాలూ ఒకే ఎలుకలో కనిపించాయి.

ఇక క్యాన్సర్ పాకడం, అంటే మెటాస్టాసిస్. లారీ కదలాలంటే ముందు టైర్ల కింద రాళ్లు తీయాలి కదా? కణానికి ఆ రాళ్లు చుట్టూ ఉన్న కణజాలాన్ని పట్టుకున్న అతుకులు. వాటిలో పాక్సిలిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, దాన్ని కరిగించేది ఆటోఫజీ. 2016లో రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఆటోఫజీ ఆపితే కణాలు ఉన్నచోటే అతుక్కుపోయాయి, ఎలుకల్లో మెటాస్టాసిస్ తగ్గింది. పట్టు వదిలిన మామూలు కణం చనిపోవాలి, అది మన శరీరం పెట్టుకున్న కాపలా. ఆటోఫజీ ఉన్న క్యాన్సర్ కణం మాత్రం ఆ ప్రయాణాన్ని తట్టుకుంటుంది. వేరే అవయవంలో ఏళ్ల తరబడి నిద్రపోయే కణాలు కూడా బతకడానికి దీన్నే వాడుకుంటాయని ఎలుకల్లో చూశారు.

మరి క్లీనర్ని తీసేస్తే సరిపోతుందా? లేదు. 2020లో జయంత దేబ్‌నాథ్ అనే శాస్త్రవేత్త బృందం, ఎలుకల్లో రొమ్ము క్యాన్సర్ కణాలు కొత్త చోటికి చేరాక ఆటోఫజీ ఆపింది. అక్కడ కణితులు ఇంకా పెరిగాయి! ఎన్‌బీఆర్1 అనే ప్రోటీన్ పేరుకుపోయి కణాలకు ఊపునిచ్చింది. కాబట్టి "మంచిదా చెడ్డదా" అని అడగకండి. ఏ దశలో అని అడగండి.

టైమ్ అయిపోతోంది, ప్రోగ్నోసిస్, అంటే జబ్బు ముందుకెలా పోతుందనే అంచనా గురించి గబగబా చెప్పేస్తాను. "ఈ ఆటోఫజీ జన్యువులు చూస్తే రోగి ఎంతకాలం ఉంటాడో చెప్పొచ్చు" అనే పేపర్లు చాలా వస్తున్నాయి. చాలావాటిలో కొలిచేది కణితిలోని ఆర్‌ఎన్‌ఏ, అంటే జన్యువుల నకళ్లు. అది క్లీనర్ పేరు హాజరు పట్టీలో ఉందా అని చూడటమే, పని జరిగిందా అని కాదు. ఆటోఫజీ కరిగించాల్సిన పీ62 అనే ప్రోటీన్ గుట్ట పడితే ఆటోఫజీ ఆగిపోయి ఉండొచ్చు. ఆటోఫజీకి గుర్తుగా చూసే ఎల్‌సీ3 అనే ప్రోటీన్ ఎక్కువ కనిపిస్తే పని పెరిగి ఉండొచ్చు, చివర్లో అడ్డుపడి ఉండొచ్చు కూడా. పైగా 2011లో వెనే అనే శాస్త్రవేత్త బృందం చూపించింది: రొమ్ము క్యాన్సర్‌లో గుడ్డిగా ఏరిన జన్యువుల జాబితాలు కూడా చాలావరకు రోగి భవిష్యత్తుతో సరిపోలతాయి. సంబంధం కనిపించింది కాబట్టి అదే కారణం అనుకోకూడదు.

మందుల మాట. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు ఆటోఫజీని అడ్డుకుంటుంది. ముదిరిన పాంక్రియాస్ క్యాన్సర్‌లో కీమోతో కలిపి 112 మందిపై చేసిన ట్రయల్ 2019లో వచ్చింది. కణితి తగ్గినవాళ్లు కీమో ఒక్కటే తీసుకున్న గుంపులో 21 శాతం, ఈ మందు కూడా కలిపిన గుంపులో 38 శాతం. ఏడాది తర్వాత బతికున్నవాళ్ల శాతం మాత్రం పెరగలేదు. దీన్ని సొంతంగా కొని వేసుకోకండి, గుండె లయ దెబ్బతినొచ్చు.

చికిత్సలో ఉన్నవాళ్లలో చాలామందికి బరువు తగ్గడం పెద్ద సమస్య. ఉపవాసం చేయాలని ఉంటే ముందు ఆంకాలజిస్ట్‌ని అడగండి. ఆ మెసేజ్ మళ్లీ గ్రూపులోకి వస్తే దాని కింద ఈ వీడియో పెట్టండి.