వేడి, డొమైన్లు, నానోమీటర్ల పొరలు

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, పరిశోధక విద్యార్థులకు నమస్కారం.

ఫెర్రోఎలక్ట్రిక్ పదార్థాన్ని వేడి చేస్తూ పోతే క్యూరీ ఉష్ణోగ్రత దగ్గర దాని స్వతస్సిద్ధ ధ్రువణం, అంటే బయటి విద్యుత్ క్షేత్రం లేకున్నా దానిలో ఉండే ధన, రుణ ఆవేశాల ఎడబాటు, నశిస్తుందని మనందరం డిగ్రీలోనే చదువుకున్నాం. బేరియం టైటనేట్‌కు ఆ ఉష్ణోగ్రత సుమారు 120 డిగ్రీల సెల్సియస్, లెడ్ టైటనేట్‌కు సుమారు 490 డిగ్రీలు. పెద్ద స్ఫటికాలకు ఈ లెక్క చాలు. కొద్ది నానోమీటర్ల మందం మాత్రమే ఉన్న పొరల విషయంలో ఆ ఒక్క అంకెనే నమ్ముకుంటే అసలు సంగతి చేజారిపోతుంది. ధ్రువణం నశించడానికి ఎంతో ముందే డొమైన్లు, అంటే ధ్రువణం ఒకే దిశలో ఉన్న ప్రాంతాలు, కదలడం, కొత్తగా అమరడం మొదలవుతుంది. ఆ అమరికను ఉష్ణోగ్రతతో పాటు పొరకు పైనా కిందా ఉన్నవి కూడా నిర్ణయిస్తాయి.

లెడ్ టైటనేట్‌లో ఒక్కో యూనిట్ సెల్, అంటే స్ఫటికంలో పదే పదే పునరావృతమయ్యే అతి చిన్న అమరిక, సుమారు 0.4 నానోమీటర్లు ఉంటుంది. అందులో ధన, రుణ అయాన్లు ఒకదాని నుంచి ఒకటి కొద్దిగా పక్కకు జరగడం వల్లే ధ్రువణం పుడుతుంది. సెల్‌లన్నీ ఒకే దిశలో నిలబడితే పొర రెండు ముఖాల మీదా ఆవేశం పేరుకుని, ఆ ధ్రువణాన్నే ఎదిరించే విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. ఎలక్ట్రోడో, ఉపరితలానికి అంటుకున్న అయాన్లో ఆ ఆవేశాన్ని తటస్థం చేయలేకపోతే, పొర ధ్రువణం ఒకదానిలో పైకి, పక్కదానిలో కిందికి ఉండే సన్నని చారల డొమైన్లుగా విడిపోతుంది. డొమైన్ల మధ్య సరిహద్దులైన గోడలు ఎక్కువైతే వాటికయ్యే శక్తి పెరుగుతుంది, తక్కువైతే ఎదురు క్షేత్రం బలపడుతుంది. ఈ రెండింటికీ రాజీ కుదిరిన చోట చార వెడల్పు పొర మందపు వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల బృందం 2002లో ప్రచురించిన ఎక్స్-రే కొలతలు దీన్ని కళ్లకు కట్టాయి. స్ట్రాన్షియం టైటనేట్ మీద పెంచిన, 1.6 నుంచి 42 నానోమీటర్ల మందం గల లెడ్ టైటనేట్ పొరల్లో చారల ఆవర్తనం 3.7 నుంచి 24 నానోమీటర్ల వరకు ఉందనీ, అది మందంతో పాటు ఉష్ణోగ్రతను బట్టి కూడా మారుతుందనీ వారు చూపించారు. అదే పదార్థం గది ఉష్ణోగ్రత వద్ద మూడు యూనిట్ సెల్‌ల మందంలో కూడా ఫెర్రోఎలక్ట్రిక్‌గానే నిలుస్తుందని 2004లో తేల్చారు. నా దృష్టిలో ఈ రంగంలో అతి ముఖ్యమైన ప్రయోగాలు ఇవే.

పొర పలచబడే కొద్దీ ధ్రువణం నశించే ఉష్ణోగ్రత తగ్గుతుంది. పొరను ఏ స్ఫటికం మీద పెంచామో ఆ ఆధార స్ఫటికం కలిగించే ఒత్తిడి దాన్ని పెంచగలదు కూడా: 2004లోనే అరుదైన మృత్తిక స్కాండేట్ స్ఫటికాల మీద పెంచిన బేరియం టైటనేట్ పొరల్లో ఆ ఉష్ణోగ్రత దాదాపు 500 డిగ్రీలు పెరిగింది.

ఇక గోడల కదలిక సంగతి. ఆక్సిజన్ ఖాళీలు (అణువు లేని ఆక్సిజన్ స్థానాలు), స్థానభ్రంశాలు (స్ఫటిక వరుసలు తప్పిన చోట్లు) వంటి లోపాల దగ్గర డొమైన్ గోడ చిక్కుకుపోతుంది. బలహీన క్షేత్రంలో అది ఒక అడ్డంకి నుంచి మరో అడ్డంకికి ఉష్ణశక్తి సాయంతో పాకుతూ ముందుకు సాగుతుంది. గది ఉష్ణోగ్రతలో ఆ సాయం సుమారు 0.026 ఎలక్ట్రాన్ వోల్టులే. కానీ వేగం ఈ శక్తి మీద ఘాతీయంగా ఆధారపడుతుంది కనుక, కొద్దిపాటి వేడి కూడా గోడ వేగాన్ని అనేక రెట్లు పెంచగలదు. ఉపరితలాన్ని అతి సన్నని మొనతో తడిమే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ మొనతో లెడ్ జిర్కోనేట్ టైటనేట్ పొరలో డొమైన్లను రాసి, వోల్టేజి పెట్టిన వ్యవధిని బట్టి అవి ఎంత విస్తరించాయో కొలిచి, ఈ పాకుడు స్వభావాన్ని 2002లో నిరూపించారు. మెమరీ చిప్‌లో ధ్రువణ దిశగా రాసిన బిట్ వేడిలో ఎంతకాలం చెక్కుచెదరకుండా ఉంటుందన్న ప్రశ్నకు మూలం ఇక్కడే ఉంది.

వీటన్నిటి వల్ల, పొరను పెంచిన ఉష్ణోగ్రత నుంచి ఎలా చల్లార్చామన్నది చాలా కీలకమవుతుంది. త్వరగా చల్లార్చితే, వేడిలో ఏర్పడిన డొమైన్ అమరిక గోడలు కదలలేక అలాగే స్తంభించిపోవచ్చు. నెమ్మదిగా చల్లార్చితే ప్రతి ఉష్ణోగ్రతకూ తగినట్టు సర్దుకునే వ్యవధి వాటికి దొరుకుతుంది. 2011లో ఫెర్రోఎలక్ట్రిక్ గుణం వెల్లడైన హాఫ్నియం ఆక్సైడ్ పొరలు చిప్‌లోకి వచ్చాక, తర్వాతి తయారీ దశల్లో సుమారు 400 డిగ్రీల వేడిని మళ్లీ మళ్లీ చవిచూడాల్సి వస్తుంది. అందుకే విద్యార్థులను నేను కోరేది ఒకటే: మీ నమూనా మందం, ఎలక్ట్రోడ్ వివరాలతో పాటు చల్లార్చిన రేటును కూడా తప్పకుండా నమోదు చేయండి, అది లేకుండా ఒకే పదార్థంపై రెండు ప్రయోగశాలల డొమైన్ చిత్రాలను పోల్చి చూడడం సాధ్యం కాదు.