వరి ఆకు లోపల

శ్రోతలకు నమస్కారం. సంక్రాంతి దాటాక తెనాలి వైపు వెళ్తే, సార్వా వరి కోసిన మాగాణిలోనే, దున్నకుండా వేసిన మొక్కజొన్న పచ్చగా కనిపిస్తుంది. నేల అదే, కానీ ఈ రెండు పంటల ఆకుల్లో జరిగే పని వేరు. ఇవాళ ఆ పని గురించే చెప్తాను.

ఆకు ఆహారం తయారుచేసుకోవాలంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోవాలి. ఆ పని చేసే ఎంజైమ్, అంటే రసాయన పనులు చేసిపెట్టే ప్రోటీన్, పేరు రూబిస్కో. వరిలో అది సెకనుకు మహా అయితే మూడు నాలుగు అణువుల్ని పడుతుంది, కొన్ని ఎంజైములేమో అదే సెకనులో లక్షల పనులు చేసేస్తాయి. పైగా ఒక్కోసారి పొరపాటున ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, ఆ తప్పు దిద్దుకోవడానికి మొక్క తను సంపాదించిన దాంట్లోంచే ఖర్చు పెట్టుకోవాలి, ఎండ ముదిరేకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. మొక్కజొన్న, జొన్న, సజ్జల్లో ఈ బాధ తక్కువ. వాటిలో ఇంకో ఎంజైమ్ ముందే కార్బన్‌ను పట్టి, ఆకు ఈనెల చుట్టూ ఉన్న కణాల్లో పనిచేసే రూబిస్కోకి అందిస్తుంది.

ఇది పంటకీ పంటకీ ఉన్న తేడా. ఒకే పంటలో కూడా తేడాలుంటాయి, నాకు ఎక్కువ ఆశ కలిగించేవి అవే. రూబిస్కోకి ఒక తోడు ఎంజైమ్ ఉంది, దాన్ని యాక్టివేజ్ అంటారు. రూబిస్కోలో ఏదైనా ఇరుక్కుని పని ఆగిపోతే, ఆ అడ్డు తీసి మళ్ళీ నడిపించేది ఇదే, కానీ వేడికి ముందుగా చేతులెత్తేసేది కూడా ఇదే. ఆస్ట్రేలియాలో విపరీతమైన ఎండల్లో పెరిగే ఒక అడవి వరిలో మాత్రం ఇది వేడిని బాగా తట్టుకుంటుంది. ఆ జన్యువును మామూలు వరిలో పెట్టి వేడిలో పెంచి చూస్తే గింజ దిగుబడి పెరిగింది! గోధుమలోనైతే, 2020లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, ఈ ఎంజైమ్ గొలుసులో పూస లాంటి ఒక్క అమైనో ఆమ్లం మారిస్తే చాలు, పరీక్షనాళికలో అది ఇంకో 5 డిగ్రీల వేడి దాకా బాగా పనిచేసింది.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయనే విజయవాడ, గుంటూరు వాళ్ళకి 5 డిగ్రీలంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరిని మనం సన్న గింజ చూసి, అన్నం రుచి చూసి ప్రేమించాం. అందులో తప్పేం లేదు. కానీ ఆకు లోపలి ఎంజైములు కంటికి కనిపించవు కదా, అందుకే దిగుబడి తక్కువని మనం పక్కన పెట్టేసిన పాత రకాల్లో వేడికి ఓర్చే యాక్టివేజ్ ఉన్నా మనకి తెలిసే దారి లేదు, పరీక్షించి చూస్తే తప్ప. పరీక్షించాలంటే ముందు విత్తనం మిగలాలి. మీ ఇంట్లో తాతల నాటి వడ్లు కుండలోనో గాదెలోనో ఉంటే, దయచేసి ఒక దోసెడు గింజలు, ఆ రకం పేరూ ఊరి పేరూ రాసిన చీటీతో, దగ్గర్లోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఇవ్వండి.