ముసలివాళ్ల జావ: వంద రకాలు

పెద్దలందరికీ నమస్కారం.

చైనాలో పెద్దవయసువాళ్ల తిండి అనగానే మనకు జిన్సెంగ్ వేర్లు, ఖరీదైన మూలికలు గుర్తొస్తాయి. నేను మాత్రం ఈరోజు జావ గురించే మాట్లాడతాను.

ముందు తిండితో నయం చేయి, అలా తగ్గకపోతేనే మందు ఇవ్వు అని 7వ శతాబ్దంలోనే సున్ సిమియావ్ అనే వైద్యుడు రాశాడు. 11వ శతాబ్దంలో చెన్ జి అనే అధికారి, ముసలి తల్లిదండ్రులను ఎలా చూసుకోవాలో చెప్పడానికే ఒక పుస్తకం రాశాడు. వాళ్ల తిండి వేడిగా, మెత్తగా, బాగా ఉడికి ఉండాలి; జిగటవి, గట్టివి, పచ్చివి, చల్లనివి వద్దు అంటాడు. పళ్లు ఊడి, అరుగుదల తగ్గిన మనిషిని దగ్గర కూర్చుని చూసినవాడే అలా రాయగలడు.

నాకు బాగా ఇష్టమైనవాడు సావ్ తింగ్‌దోంగ్ అనే చైనా రచయిత. డెబ్బై దాటాక, 1773లో, వృద్ధుల దినచర్య మీద పుస్తకం రాశాడు. అందులో జావలే వంద! వాటిని మూడు తరగతులు చేశాడు. తేలికగా, కమ్మగా ఉండే 36 రకాలు మొదటి తరగతి; తామరగింజల జావ వాటిలోదే. వంటకాల కంటే ముందు నాలుగు సంగతులు చెప్పాడు: ఏ బియ్యం, ఏ నీళ్లు, ఎంత మంట, ఎప్పుడు తాగాలి. ముసలివాళ్లు పూటలు లెక్కపెట్టకుండా, ఆకలేసినప్పుడల్లా రోజంతా జావే తాగినా బలంగా ఉండొచ్చట. "ఇప్పుడేగా తిన్నావు" అని పెద్దవాళ్లను కసురుకునే ఇళ్లలో ఈ మాట చదివి వినిపించాలనిపిస్తుంది.

ఉత్తర చైనాలో ఈ జావను బియ్యంతో కంటే ఎక్కువగా చిన్న పసుపు గింజలతో కాస్తారు. అవి మన కొర్రలే. కొర్రలను మొదట సాగులోకి తెచ్చింది కూడా ఉత్తర చైనా రైతులే, వేల ఏళ్ల కిందట. అందులో ఎండిన ఎర్ర పళ్లు వేస్తారు. ఖర్జూరాల్లా కనిపిస్తాయి కానీ అవి రేగు జాతివి.

ఒక సంగతి దాచకూడదు. బాగా మెత్తగా ఉడికిన బియ్యం జావ తాగితే రక్తంలో షుగర్ త్వరగా పెరుగుతుంది. ఉత్త జావతో కండ కూడా నిలవదు. దక్షిణాన గ్వాంగ్‌డాంగ్‌లో చేప ముక్కలో, గుడ్డో వేసి కాస్తారు. నాకు అదే మంచి పద్ధతి అనిపిస్తుంది.

అసలు టెన్షన్ జావలోకి నంజుకునే పచ్చడిలోని ఉప్పుతో. చప్పటి జావలోకి చైనావాళ్లకు ఉప్పులో ఊరవేసిన కూరలు కావాలి. మా అమ్మ చివరి రెండేళ్లు జావ మీదే ఉంది. మాగాయ ముక్క లేకపోతే గ్లాసు ముట్టేది కాదు. బీపీ మాత్ర వేసుకుంటూనే మాగాయ నంజుకునేది. నేనూ వద్దనలేకపోయాను.

చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21,000 మందితో ఒక పెద్ద పరిశీలన చేశారు. వాళ్లంతా ఇదివరకే పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా అరవై దాటి బీపీ ఉన్నవాళ్లు. సగం పల్లెలకు మామూలు ఉప్పు బదులు నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ (సోడియం లేని లవణం) కలిపిన ఉప్పు ఇచ్చారు. దాదాపు ఐదేళ్లకు చూస్తే ఆ పల్లెల్లో పక్షవాతం 14 శాతం తక్కువ. 2021లో ఈ ఫలితాలు వచ్చాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా ఆ ఉప్పు వాడొద్దు.

వెనక బల్ల మీద కొర్ర జావ పెట్టాను. వేడిగానే ఉంది, ఉప్పు బాగా తగ్గించాను. తాగుతూ ప్రశ్నలు అడగండి.