పడవ కట్టడం కన్నా రిపేరులోనే ఎక్కువ డబ్బు

నమస్తే. తీరప్రాంతంలో ఉపాధి అనగానే అందరూ చేపల రేటు గురించే మాట్లాడతారు. ఆ చేపల్ని తెచ్చే పడవని కట్టేదెవరు, పాడైతే బాగుచేసేదెవరు? ఇవాళ ఆ లెక్క చూద్దాం.

ఎఫ్ఏఓ, అంటే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, అంచనా ప్రకారం 2020లో ప్రపంచంలో సుమారు 41 లక్షల చేపల పడవలున్నాయి. మూడింట రెండు వంతులు ఆసియాలోనే. ఇంజన్ ఉన్నవాటిలోనూ ఎక్కువ భాగం 12 మీటర్ల లోపువే. వీటికి భారీ షిప్‌యార్డులతో పనిలేదు. ఒడ్డున ఒక షెడ్డు, ఒక మోల్డ్ (పడవ ఆకారంలో ఉండే అచ్చు), పని తెలిసిన నలుగురు ఉంటే ఫైబర్ బోటు తయారైపోతుంది.

అయితే ఊళ్ళోనే పడవలు కట్టే యార్డు పెట్టేస్తే ఊరు బాగుపడుతుందని చెప్పేవాళ్ళ మాట నేను సగమే నమ్ముతాను. గ్లాస్ మ్యాట్ (గాజు పీచు పట్టా), దాన్ని గట్టిపరిచే రెసిన్, ఇంజన్ చాలాచోట్ల బయటినుంచే రావాలి. బోటు ధరలో ఊళ్ళో మిగిలేది కూలీ, కాస్త లాభం. పైగా బోట్లు పెరిగితే సముద్రంలో చేపలు పెరగవు కదా!

రిపేరు సంగతి అలా కాదు. అందులో ఎక్కువ ఖర్చు మనిషి పనికే. బోటు ఒకసారే అమ్ముడుపోతుంది, రిపేరుకి మాత్రం ఏటా వస్తుంది. అడుగున నాచు, గుల్లలు పట్టాయంటే అదే వేగానికి డీజిల్ ఎక్కువ తాగుతుంది. గీకి, రంగు వెయ్యాలి. చెక్క పడవైతే ఓడపురుగు లోపల్లోపలే తొలిచేస్తుంది (పేరుకి పురుగే గానీ నిజానికి అది ఆల్చిప్పల జాతి). ఉప్పునీటిలో లోహం తినేయకుండా జింక్ ముక్క బిగిస్తారు, ముందు అది కరుగుతుంది. చిన్న ముక్కే, టైముకి మార్చకపోతే ప్రొపెల్లర్‌కే ఎసరు. ఇక ఇంజన్ ఆగి, స్పేర్ పార్టు దూరంలో ఉన్న సిటీ నుంచి రావాలంటే, వచ్చేదాకా వేట లేదు, డబ్బూ లేదు. ఒడ్డునే మంచి మెకానిక్, ఆ పార్టు ఉంటే ఊళ్ళో మిగిలేది రిపేరు డబ్బు ఒక్కటే కాదు, వేట రోజులు కూడా.

చిక్కల్లా పనంతా ఒకేసారి మీద పడడం. వేట నిషేధం ఉన్న చోట్ల అందరూ ఆ కొద్ది వారాల్లోనే బోట్లు ఒడ్డుకి లాగుతారు, మిగతా ఏడాది షెడ్డు ఖాళీ. ఫైబర్ పని తెలిసినవాళ్ళు ఆ ఖాళీ రోజుల్లో ఐస్ పెట్టెలు, నీళ్ళ ట్యాంకులు చేసుకోవచ్చు. ఫెర్రీలు, టూరిస్టు బోట్ల పనీ పట్టుకోవచ్చు.

నాణ్యత మాత్రం వదలకూడదు. 2004 సునామీ తర్వాత హడావుడిగా కట్టి పంచిన బోట్లలో కొన్ని సముద్రానికి పనికిరానివని తేలింది. ఎవరైనా యార్డుకి సాయం చేయాలనుకుంటే బోట్లు కొనిపెట్టే బదులు బోటుని ఒడ్డుకి లాగే వించ్, స్పేర్ పార్టుల స్టాకు, రెసిన్ ఆవిరి పీల్చకుండా మాస్కులు, కుర్రాళ్ళకి ట్రైనింగ్ ఇప్పించండి.