హిట్లర్‌ను అవతారమన్న ఫ్రెంచ్ రచయిత్రి

సభకు నమస్కారం.

ఈ రోజు నేను మాట్లాడబోయే రచయిత్రి పేరు సావిత్రీ దేవి. పేరు వినగానే ఎవరో బెంగాలీ ఆవిడ అనుకుంటాం. అసలు పేరు మాక్సిమియానీ పోర్టాస్. 1905 సెప్టెంబరు 30న ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో పుట్టింది. తల్లి ఇంగ్లీషు మనిషి, తండ్రి వైపు గ్రీకు, ఇటలీ మూలాలున్నాయి. హిట్లర్ విష్ణుమూర్తి అవతారమని పుస్తకం రాసి, చనిపోయేదాకా ఆ మాట మీదే ఉన్న మనిషి.

ఇలాంటి మనిషి గురించి మనకెందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆమె ఆ రాతంతా మన మాటలతోనే రాసింది. అవతారం, కలియుగం, ఫలాపేక్ష లేని కర్మ... ఇవన్నీ మనం ఇంట్లో, గుళ్లో, హరికథల్లో వింటూ పెరిగినవి. వాటిని పట్టుకెళ్లి నాజీల హత్యాకాండకు సమర్థనగా నిలబెట్టింది. అందుకే ఆమెకు జవాబు చెప్పాల్సిన బాధ్యత మిగతావాళ్ల కంటే మన మీద ఎక్కువ ఉందని నేను నమ్ముతాను.

చదువులో ఆమెకు లోటు లేదు. తత్వశాస్త్రం, రసాయనశాస్త్రం చదివి, లియాన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకుంది. 1922లో ఆసియా మైనర్‌లో, అంటే ఇప్పటి టర్కీలో, గ్రీకు సైన్యం ఓడిపోయి లక్షల మంది గ్రీకులు కట్టుబట్టలతో శరణార్థులై వచ్చారు. ఆ కాలంలో గ్రీస్ వెళ్లిన ఈ అమ్మాయి ఆ కష్టానికంతటికీ బ్రిటన్, ఫ్రాన్స్‌లే కారణమని తేల్చుకుంది. 1928లో ఫ్రెంచ్ పౌరసత్వం వదులుకుని గ్రీకు పౌరసత్వం తీసుకుంది. 1929లో పాలస్తీనా యాత్రకు వెళ్లింది. తాను నాజీనని తనకు తెలిసివచ్చింది అక్కడేనని తర్వాత చెప్పుకుంది. యూదుల మీద ద్వేషం అప్పటికే ఆమెలో గట్టిపడింది.

క్రైస్తవం రాకముందు యూరప్ కొలిచిన దేవుళ్లు, సూర్యారాధన మళ్లీ రావాలన్నది ఆమె కోరిక. కానీ గ్రీస్‌లో ఆ దేవుళ్లకు మిగిలింది విరిగిన స్తంభాలు, మ్యూజియం బొమ్మలే. పాత దేవుళ్లకు ఇంకా దీపం వెలుగుతున్న చోటు ఎక్కడుంది? ఆ వెతుకులాటతో 1932లో మన దేశానికి వచ్చింది. కొంతకాలం శాంతినికేతన్‌లో ఉంది. తర్వాత కలకత్తాలో హిందూ మిషన్ అనే సంస్థలో చేరి బెంగాల్, బీహార్, అస్సాం ఊళ్లు తిరుగుతూ ఉపన్యాసాలిచ్చింది. 1939లో హిందువులను హెచ్చరిస్తూ ఒక పుస్తకం రాస్తే, దానికి వినాయక్ సావర్కర్ అన్నగారు గణేశ్ దామోదర్ సావర్కర్ ముందుమాట రాశారు. 1940లో అసిత్ కృష్ణ ముఖర్జీని పెళ్లాడింది. ఆయన అంతకుముందే జర్మనీని మెచ్చుకుంటూ పత్రిక నడిపిన వ్యక్తి.

మన సమాజంలో ఆమెకు అన్నిటికంటే నచ్చింది కులం. ఆర్యరక్తం కలుషితం కాకుండా వేల ఏళ్లు కాపాడిన కట్టడి అని దాన్ని మెచ్చుకుంది. హిట్లర్ యూరప్‌లో చేయబోతున్న పని ఇక్కడ ఎప్పుడో జరిగిందని ఆమె లెక్క. ఆమె ఇలా అనుకుంటున్న రోజుల్లోనే, 1936లో, అంబేడ్కర్ తన కులనిర్మూలన ప్రసంగ పాఠాన్ని అచ్చువేయించారు. కులం రక్తాన్ని బట్టి ఏర్పడిందన్న వాదాన్ని అందులో సూటిగా కొట్టిపారేశారు. పంజాబ్ బ్రాహ్మణుడికీ, అంటరానివాడని దూరం పెట్టిన పంజాబ్ చమార్‌కూ జాతిలో తేడా ఏముంది, మద్రాసు బ్రాహ్మణుడికీ పంజాబ్ బ్రాహ్మణుడికీ జాతిలో పోలిక ఏముంది అని అడిగారు. కులమంటే ఏమిటో అనుభవించినవాడు చెబుతున్న మాట అది. కానీ ఈ దేశాన్ని అర్థం చేసుకోవడానికి వచ్చానన్న మనిషి రాతల్లో, కులం కింద నలిగినవాడి గొంతుకు చోటు దొరకలేదు.

యుద్ధకాలమంతా ఆమె కలకత్తాలోనే ఉంది. 1945 చివర్లో యూరప్ వెళ్లింది. అప్పటికి యూదులను బంధించి చంపిన నాజీ క్యాంపుల సంగతి లోకమంతటికీ తెలిసిపోయింది. ఎవరైనా అక్కడ ఆగి, నేను నమ్మింది ఇదా అని ఒక్క క్షణం ఆలోచిస్తారు. ఆమె ఆగలేదు. 1948 జూన్‌లో జర్మనీ మీదుగా వెళ్లే రైల్లో కూర్చుని, తను చేత్తో రాసిన నాజీ కరపత్రాలను సిగరెట్లు, కాఫీ, చక్కెర పొట్లాలతో కలిపి స్టేషన్లలో జనానికి అందించింది. యుద్ధంలో కూలిపోయిన ఊళ్లు అవి, కడుపునిండా తిండి లేని జనం. పంచదార కోసం చాచిన చేతిలో ఆమె ఏం పెట్టిందో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

1949లో పోలీసులకు దొరికింది. బ్రిటిష్ సైనిక కోర్టు శిక్ష వేసి జర్మనీలోని వెర్ల్ జైలుకు పంపింది. బెల్సెన్ అనే నాజీ క్యాంపులో కాపలా పనిచేసి శిక్షపడ్డ ఆడవాళ్లు అదే జైల్లో ఉన్నారు. వాళ్లతో స్నేహం చేసి, వాళ్లను వీరవనితలుగా పుస్తకంలో పొగిడింది. కాబట్టి తెలియక చేసిందనడానికి లేదు. భర్త నెహ్రూకు విన్నవించుకోవడంతో కొన్ని నెలలకే విడుదలైంది.

1958లో కలకత్తాలో అచ్చయింది ఆమె ముఖ్యమైన పుస్తకం, మెరుపు, సూర్యుడు అని అర్థం వచ్చే పేరుతో. అందులో గొప్పవాళ్లను మూడు రకాలు చేస్తుంది. చెంగిజ్ ఖాన్, కాలప్రవాహంతో పాటు కొట్టుకుపోయే మెరుపు. ఈజిప్టు రాజు అఖెనాతెన్ కాలానికి అతీతమైన సూర్యుడు. ఇక హిట్లర్ రెండూ కలిసినవాడు, కాలానికి ఎదురీదినవాడు, కల్కి రాకకు దారి వేసినవాడు. అంత రక్తపాతం ఏమిటంటే, గీతలో చెప్పిన నిష్కామ కర్మ అంటుంది.

ఇక్కడ మనం గట్టిగా నిలబడాలి. అవతారం ఎందుకో గీత చెప్పిన కారణం మనలో చిన్నపిల్లలకు కూడా తెలుసు: మంచివాళ్లను కాపాడటానికి, దుర్మార్గుణ్ణి శిక్షించడానికి. ఆష్విట్జ్‌లో రైలు దిగిన పసిపిల్లలు ఏ అధర్మం చేశారు? నాజీలు చంపిన అరవై లక్షల మంది యూదులు యూదులుగా పుట్టడం తప్ప ఏం చేశారు? మన భాగవతంలో పోతన ప్రహ్లాదుడి గుణాలు చెబుతూ, అన్ని ప్రాణులనూ తనతో సమానంగా చూసుకునేవాడని మొదలుపెడతాడు. అవతారం వచ్చింది అలాంటి పిల్లవాడి కోసం. అతన్ని చంపించబోయిన తండ్రి తరఫున రాలేదు. ఆమె కథను తలకిందులు చేసి, హిరణ్యకశిపుణ్ణి తీసుకెళ్లి నరసింహుడి పీఠం మీద కూర్చోబెట్టింది.

ఆమె అభిమానులు వెంటనే ఒక మాట అంటారు: ఆవిడ ఎంత కరుణామయి, మాంసం ముట్టలేదు, పిల్లులను ప్రాణంలా చూసుకుంది అని. నిజమే. 1959లో జంతువుల హక్కుల మీద ఒక పుస్తకం కూడా వేసింది. తర్వాత ఢిల్లీలో ఉన్నప్పుడు ఇంటినిండా పిల్లులే. అయితే ఆ పిల్లుల మాటే తీసుకుందాం. డ్రెస్డెన్ నగరంలో విక్టర్ క్లెంపరర్ అనే ప్రొఫెసర్ ఉండేవాడు. యూదుడని నాజీలు 1935లో ఉద్యోగం తీసేశారు. ఆయన, భార్య ఏవా ఒక పిల్లిని పెంచుకున్నారు, దాని పేరు ముషెల్. 1942 మేలో యూదుల ఇళ్లలో పెంపుడు జంతువులు ఉండకూడదని ఉత్తర్వు వచ్చింది. వేరేవాళ్లకు ఇవ్వడానికీ వీల్లేదు, అప్పగించాల్సిందే. వాళ్ల చేతికి చిక్కడం కంటే మేలని ఏవా దాన్ని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి, నొప్పి లేకుండా చంపించి వచ్చింది. క్లెంపరర్ ఆ సంగతి డైరీలో రాసుకున్నాడు, ఆ డైరీ దొరికితే ప్రాణం పోయే రోజుల్లో. పిల్లుల కోసం కన్నీళ్లు పెట్టుకునే రచయిత్రి దేవుడిగా కొలిచిన ప్రభుత్వం చేసిన పని ఇది. ఆమె కరుణ ముషెల్ దాకా కూడా రాలేదు.

తర్వాతి జీవితం త్వరగా చెప్పేస్తాను. 1962లో ఇంగ్లండ్‌లో నవనాజీలు అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నప్పుడు అక్కడుంది. ఫ్రాన్స్‌లో టీచరుగా చేసి, 1971లో ఢిల్లీ వచ్చింది. భర్త 1977లో పోయాడు. అమెరికాలో ఉపన్యాసాలివ్వడానికి వెళ్లే దారిలో, 1982 అక్టోబరు 22న ఇంగ్లండ్‌లో ఒక స్నేహితురాలి ఇంట్లో చనిపోయింది.

ఆమె పుస్తకాలను పశ్చిమ దేశాల నవనాజీలు మళ్లీ అచ్చువేశారు, ఇప్పుడు ఇంటర్నెట్‌లో తిరుగుతున్నాయి. మన కుర్రాళ్ల కళ్లలోనూ పడతాయి, ఎవరో తెల్లావిడ మన ధర్మాన్ని ఎంత మెచ్చుకుందో అన్న సంబరంతో. అలా ఎవరైనా పంపిస్తే కోప్పడకండి, వాళ్లతో కూర్చోండి. క్లెంపరర్ డైరీలు ఇంగ్లీషులో దొరుకుతాయి, అంబేడ్కర్ ప్రసంగం తెలుగులోనే ఉంది. ముందు ఈ రెండూ చదివించండి, తర్వాత ఆమె గురించి మాట్లాడండి.