డౌన్‌టౌన్‌కు చారిత్రక గుర్తింపు వస్తే సరిపోదు

సభకు నమస్కారం. నా గురించి ఇప్పటికే చాలా చెప్పారు, అది చాలు. నేరుగా విషయంలోకి వస్తాను.

ఇక్కడ అమెరికాలో ఒక ఊరి డౌన్‌టౌన్ నేషనల్ రిజిస్టర్‌లో, అంటే ఫెడరల్ ప్రభుత్వపు చారిత్రక స్థలాల జాబితాలో, చారిత్రక ప్రాంతంగా ఎక్కిందనగానే కొందరు "హమ్మయ్య, పాత భవనాలకు ఇక ఢోకా లేదు" అంటారు, ఇంకొందరు "గోడకు మేకు కొట్టాలన్నా పర్మిషన్ అడగాలి" అని గగ్గోలు పెడతారు. రెండూ తప్పేనండీ. ఫెడరల్ నిధులూ అనుమతులూ అక్కర్లేకుండా, యజమాని తన డబ్బుతో రేపు పొద్దున్నే కూల్చేసినా ఆ రిజిస్టర్ ఆపలేదు. ఆపగలిగేది ఊరి సొంత ఆర్డినెన్స్, అంటే ఊరు తనకు తాను చేసుకునే చట్టం. సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్ తన చారిత్రక ప్రాంతానికి సొంత ఆర్డినెన్స్‌ను 1931లోనే తెచ్చుకుంది.

పెన్ స్టేషన్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, విన్నవాళ్లు మళ్లీ వినండి. న్యూయార్క్‌లో 1910లో తెరిచిన స్టేషన్, గులాబీ రంగు గ్రానైట్‌తో కట్టింది. 1963లో కూల్చడం మొదలుపెట్టి, ఆ స్తంభాలను ముక్కలుగా న్యూజెర్సీ చిత్తడి నేలల్లో పారబోశారు. ఆ ఫొటోలు చూస్తే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది! 1965లో పాత కట్టడాలను కాపాడుకోవడానికి నగరం చట్టం చేసుకుంది, 1966లో ఫెడరల్ చట్టం వచ్చింది. తర్వాత అదే ఊళ్లోని గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ నెత్తిన టవర్ కడతామని రైల్వే కంపెనీ పట్టుబడితే, 1978లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయింది. నిలబడింది నగరం చేసుకున్న చట్టమే, మళ్లీ చెబుతున్నా, నగరం చేసుకున్న చట్టం.

మరి రిజిస్టర్ దండగా? కాదు. రిజిస్టర్ గుర్తింపు ఉన్న, ఆదాయం వచ్చే పాత భవనాన్ని ఫెడరల్ ప్రమాణాల ప్రకారం బాగుచేస్తే, అర్హమైన ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్నులో తగ్గుతుంది, ఐదేళ్లలో విడతలుగా. సొంతానికి ఉంటున్న ఇంటికి మాత్రం రాదు. ఖాళీగా పడి ఉన్న ఎన్నో భవనాల్లో మళ్లీ లైట్లు వెలగడానికి ఈ లెక్కే కారణం.

నా బాధంతా ఇక్కడే. ఆ రాయితీ యజమానికి వస్తుంది, కింద షాపు నడుపుకునే అద్దెదారుకు కాదు. చెక్క కిటికీలకు కొత్త పుట్టీ పడుతుంది, ఇటుక మీది పెయింటు ఊడ్చి అందంగా చేస్తారు, ఆ వెంటనే లీజు రెన్యువల్ దగ్గర అద్దె పెంచేస్తారు. ముఖద్వారం మిగిలి, ఏళ్లుగా ఆ తలుపు తీసిన మనిషి వెళ్లిపోతే మనం కాపాడిందేమిటి? మనవాళ్లలో డౌన్‌టౌన్‌లో అద్దెకు షాపులు పెట్టుకున్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, మీరే చెప్పండి.

అందుకని ఒకటే అడుగుతున్నాను. ఆర్డినెన్స్ మీద సిటీ కౌన్సిల్ విచారణ పెట్టినప్పుడు యజమానులూ లాయర్లూ ఎలాగూ వస్తారు, అద్దెదారులుగా మీరూ వెళ్లి పేరు ఇచ్చి మాట్లాడండి. మరమ్మతులకు ఊరు తన నిధుల నుంచి గ్రాంట్ ఇచ్చేటట్టయితే, పాత అద్దెదారుకు కొన్నేళ్ల లీజు ఇవ్వాలన్న షరతు అందులో రాయించండి.