కిలోమీటరుకో రూపాయి

(నల్లగొండలో మారథాన్ సాధన మొదలుపెడుతున్న వారి సభలో ఒక వ్యాయామ ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, గ్రౌండు నుంచి అట్లనే వచ్చిన పిల్లలకు, కాసేపు షట్టర్లు దించి వచ్చిన గడియారం సెంటర్ అన్నలకు దండాలు.

ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్ ఉంది. నెక్లెస్ రోడ్డు మీద పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే 42.195 కిలోమీటర్ల ఉరుకుడు. మన ఊరి నుంచి కొందరం ఈసారి అందులో దిగుతున్నాం. ఆ పేరు మీద క్యాన్సర్ పరిశోధనకు డబ్బు పోగు చేద్దామనుకున్నాం. ఈ మాట బయటికి పొక్కిన కాడి నుంచి రెండు ప్రశ్నలు నన్ను విడవడం లేదు. ఒకటి, "మేడం, మీరు ఉరికితే క్యాన్సర్ ఎట్ల తగ్గుతది?" ఇంకొకటి, "ఇచ్చే పైసలేవో రోగులకే ఇయ్యొచ్చు గదా, పరిశోధనకెందుకు?" రెండోది బరువైన ప్రశ్న. ముందు దానికే జవాబు చెప్తాను.

పరిశోధన అంటే ఏమిటో నల్లగొండ వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన నడుములను చూస్తూ పెరిగినవాళ్లం మనం. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు 1970లలో ఈ నీళ్ల మీద పనిచేశారు. పటిక, సున్నం తగు పాళ్లలో కలిపి, కలియబెట్టి, తేరనిస్తే ఫ్లోరైడ్ చాలావరకు మడ్డితో పాటు అడుగుకు దిగుతుందని తేల్చారు. ఆ పద్ధతికి ప్రపంచమంతటా ఉన్న పేరు 'నల్లగొండ టెక్నిక్'. టాంజానియాలో, ఇథియోపియాలో కూడా దాన్ని వాడారు. దాంతోనే మన కష్టమంతా తీరిందని అనను. కృష్ణా నీళ్లు ఊళ్లకు అందడానికి ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది. కానీ మన బావి నీళ్ల మీద ఎవరో కూర్చుని చేసిన పని, మనం ఎన్నడూ చూడని ఆఫ్రికా పల్లెలో ఒక పిల్లవాడి పళ్లను, ఎముకలను కాపాడటానికి పోయింది. పరిశోధనకు ఇచ్చే రూపాయి అట్లా ప్రయాణం చేస్తుంది.

రోగికి ఇచ్చేదీ గొప్ప దానమే. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ముందు పొద్దున్నే పోయి నిలబడండి. మన జిల్లా యాస వినబడకుండా ఒక గంట గడవదు. అక్కడ ఒకరికి అన్నం పెట్టినా, దారి ఖర్చులిచ్చినా పుణ్యమే, తప్పకుండా చేయండి. అది ఇవ్వాళ మంచం మీద ఉన్న మనిషికి. పరిశోధన మాత్రం ఇంకా జబ్బు పడని మనిషికి. ఆ మనిషి ముఖం మనకు కనబడదు, పేరు తెలియదు. అందుకే దానికి అడగడం కష్టం, ఇవ్వడం ఇంకా కష్టం.

మన తెలుగువాడి కథే ఒకటుంది. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. తోడబుట్టినవాడు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కళ్లముందే పోయాడు. ఆయన అమెరికా పోయి లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో పనిచేశారు. ఆయన బృందం కొత్త రక్తకణాలు పుట్టడానికి కావాల్సిన ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను తయారు చేసింది. తర్వాత ఆ ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్ అనే మందును తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టరు ఆ మందును లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి చూశాడు. అప్పటిదాకా ఆ జబ్బు వచ్చిన పిల్లలు వారాల్లో, నెలల్లో పోయేవాళ్లు. ఫార్బర్ 16 మంది పిల్లల వివరాలు రాస్తే, వాళ్లలో 10 మందికి జబ్బు కొంతకాలమైనా వెనక్కి తగ్గింది. కొంతకాలమే, మళ్లీ తిరగబెట్టింది. కానీ మందుతో ఈ జబ్బును తగ్గించవచ్చని లోకానికి తెలిసింది అప్పుడే. ఆ వివరాలు అచ్చయింది 1948లో. మన నల్లగొండ పల్లెలు సాయుధ పోరాటంలో రగులుతున్న ఏడాది అది. సుబ్బారావు గారు కన్నుమూసిందీ అదే ఏడాది.

అదే 1948 మే నెలలో ఫార్బర్ పనికి డబ్బు కోసం అమెరికా రేడియోలో ఒక క్యాన్సర్ పిల్లవాడిని జనానికి పరిచయం చేశారు. అసలు పేరు దాచి 'జిమ్మీ' అన్నారు. జనం చిన్న చిన్న మొత్తాలే పంపారు. పోగైంది రెండు లక్షల ముప్పై వేల డాలర్లకు పైనే. ఆ డబ్బుతో, ఆ తర్వాత వచ్చిన డబ్బుతో నడిచిన పని మీద పని పేరుకుని, ఇవ్వాళ మంచి వైద్యం అందేచోట ఆ రకం లుకేమియా వచ్చిన పిల్లల్లో నూటికి దాదాపు 90 మంది బతుకుతున్నారు. అమినోప్టెరిన్ తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఆ వైద్యంలో ఉంది. హైదరాబాద్‌లో మన పిల్లలకు ఎక్కిస్తున్నదీ అదే. నాణేలు పంపిన ఆ అమెరికా పిల్లలకు నల్లగొండ అనే ఊరు ఉన్నట్టే తెలియదు.

ఇంకొకటి మనకు చాలా దగ్గరిది. మహారాష్ట్రలో ఉస్మానాబాద్ జిల్లా, ఇప్పుడు ధారాశివ్ అంటున్నారు. 1948 దాకా మనతో పాటు నిజాం రాజ్యంలో ఉన్న జిల్లానే. మనలాగే జొన్న చేలు, కరువు, కూలికి పోయే ఆడవాళ్లు. ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు, బార్శీలోని క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థతో కలిసి 1999 నుంచి అక్కడి పల్లెల్లో లక్షా ముప్పై వేల మందికి పైగా ఆడవాళ్లను అధ్యయనం చేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ ఉందా లేదా అని జీవితంలో ఒక్కసారి పరీక్ష చేసి, ఉన్నవాళ్లకు అవసరమైన వైద్యం చేస్తే, పరీక్ష చేయని ఊళ్లతో పోలిస్తే ఎనిమిదేళ్లలో ఆ క్యాన్సర్ చావులు ఇంచుమించు సగానికి తగ్గాయి. ఆ ఫలితం 2009లో వచ్చింది. ఒక్కసారి పరీక్ష, సగం చావులు!

మా అమ్మకు అదే జబ్బు. మునుగోడు దిక్కు పత్తి చేలలో పనిచేసిన మనిషి. నెలసరి ఆగిపోయిన ఎన్నాళ్లకో మళ్లీ రక్తం కనబడితే ఎవరికీ చెప్పలేదు. పాత చీర ముక్కలు చింపి, మడతపెట్టి పెట్టుకునేది. వాటిని ఇంటిల్లిపాది బట్టలతో కలపకుండా చీకటితోనే ఉతికి, పశువుల కొట్టం వెనక తడిక మీద ఆరేసి, పైన ఒక గోనెసంచి కప్పేది. ఎవరి కంటా పడొద్దని. నేను ఆ గోనెసంచి ఎత్తేనాటికి జబ్బు చాలా దూరం పోయింది. నేను ఉరికేది అమ్మ కోసమే అని మీరు అనుకోవచ్చు. అమ్మకు ఇక ఏం చేసినా అందదు. గోనెసంచి కింద ఇవ్వాళ బట్ట ఆరేస్తున్న ఇంకో అమ్మ కోసం ఉరుకుతున్నాను.

పరిశోధన గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. ఉస్మానాబాద్‌లో పోల్చి చూడటానికి కొన్ని ఊళ్ల ఆడవాళ్లకు పరీక్ష చేయకుండా వదిలారు. దాని మీద గట్టి విమర్శలు వచ్చాయి, రావాల్సినవే. మన పక్క ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసిన కార్యక్రమాన్ని 2010లో ఆపేశారు. తర్వాత విచారణలో తల్లిదండ్రుల అనుమతి సరిగా తీసుకోలేదని తేలింది. బీదవాళ్ల ఒంటి మీద వాళ్లకు చెప్పకుండా చేసేది ఎంత పెద్ద పరిశోధనైనా నాకు ఒప్పుదల కాదు. కాబట్టి మనం డబ్బిచ్చే చోట ఈ ప్రశ్న అడుగుదాం. డబ్బిచ్చేవాడికి అడిగే హక్కు ఉంటుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. ఉరికితే ఏమొస్తుంది?

టెర్రీ ఫాక్స్ అని కెనడా కుర్రవాడు. ఎముక క్యాన్సర్‌తో 1977లో కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. 1980 ఏప్రిల్‌లో కట్టుడు కాలితో, రోజూ ఒక మారథాన్ అంత దూరం ఉరకడం మొదలుపెట్టాడు. దేశంలో ఉన్న మనిషికి ఒక్క డాలరు, అంతే ఆయన అడిగింది. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. జబ్బు ఊపిరితిత్తులకు పాకాక ఆగాడు. 1981 జూన్‌లో 22 ఏళ్లకే పోయాడు. పోయేలోపే తలకో డాలరు లెక్కన 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటాయి. మొదట్లో ఆయన్ను పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఒక ఊరు తర్వాత ఇంకో ఊళ్లో, రోజూ, జనానికి కనబడుతూ పోయాడు. కనబడగా కనబడగా నమ్మారు.

అందుకే నేను అనేది, మన డబ్బు మారథాన్ రోజున రాదు. సాధనలో వస్తుంది. కిలోమీటరుకు ఒక రూపాయి ఇస్తానని ఒకరు ఒప్పుకున్నారనుకోండి. మారథాన్ రోజుకు లెక్కగడితే 42 రూపాయలు. అదే సాధన కిలోమీటర్లకు లెక్కగడితే? వారానికి సగటున 40 కిలోమీటర్లు వేసుకున్నా 16 వారాలకు 640 రూపాయలు. అదీగాక ఆగస్టులో గచ్చిబౌలిలో మనల్ని చూసే నల్లగొండ మనిషి ఎవరు? రేపటి నుంచి పానగల్ రోడ్డు మీద చూసేవాళ్లే అందరూ.

పోయినేడు పానగల్ దారిలో ఒక చాయ్ హోటల్ అన్న నన్ను రోజూ అడిగేవాడు, "మేడం, ఇయ్యాల ఎన్ని?" అని. చెప్తే సుద్దముక్కతో షట్టరు లోపలి వైపు రాసేవాడు. నీలిరంగు రేకు మీద తెల్లని అంకెలు, ఒకదాని కింద ఒకటి. చాయ్ తాగే లారీ డ్రైవర్లు అదేం లెక్కని అడిగితే ఆయనే చెప్పేవాడు. ఒకరోజు పాలు పోయడానికి వచ్చిన ఒక పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచి, "బిడ్డా, గీ వయసుల రక్తం అయితే మంచిదేనా?" అని చెవిలో అడిగింది. నేను ఆమెను తీసుకుని ప్రభుత్వ దవాఖానాకు పోయాను. ఆ ఒక్క మాట అడగడానికి ఆమెకు ఒక మనిషి రోజూ అదే దారిలో కనబడాల్సి వచ్చింది.

ఇక ఉరికే పద్ధతి. మన సాధన ఎండల్లో మొదలవుతోంది. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు, ఆ రోజులు మనకు అడ్డంగా ఉన్నాయి. కాబట్టి తెల్లవారుజాము నాలుగున్నరకే దిగాలి, ఆరున్నరకల్లా నీడలో ఉండాలి. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో వేగం చూసుకోకండి. పక్కవాళ్లతో మాట్లాడుతూ ఉరకగలిగితే అదే సరైన వేగం. మాట తెగుతోందంటే తగ్గించండి. వారంలో ఒక్కరోజు మాత్రమే దూరం పెంచుతాం, అదీ కొద్దికొద్దిగా. జూలై చివరికి 30 కిలోమీటర్లు దాటిన ఉరుకుడు ఒకటి అయిపోవాలి. ఆ తర్వాత రెండు మూడు వారాలు తగ్గించుకుంటూ రావాలి. చాలామంది ఇక్కడే భయపడి ఇంకా ఎక్కువ ఉరికి మోకాళ్లు పాడుచేసుకుంటారు.

ముప్పై కిలోమీటర్ల దగ్గర ఒళ్లు మొరాయిస్తుంది. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం ఆ పాటికి దాదాపు అయిపోతుంది. అందుకని దారిలోనే అరటిపండో, ఖర్జూరమో తినడం ఇప్పటి నుంచే నేర్పాలి కడుపుకు. చెమటతో ఉప్పు పోతుంది. ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి మనిషి పడిపోతాడు, ప్రాణానికే ముప్పు. ఓఆర్ఎస్ పెట్టుకోండి, లేదా ఉప్పు, చక్కెర, నిమ్మకాయ కలుపుకోండి. ఇంటికొచ్చాక అంబలిలో మజ్జిగ, ఉల్లిగడ్డ వేసుకుని తాగితే నాకైతే దాన్ని మించింది కనబడలేదు.

మన దారి ఎన్జీ కాలేజీ గ్రౌండు నుంచి పానగల్, అక్కడి నుంచి ఉదయ సముద్రం కట్ట. హైదరాబాద్ దారి నిండా ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు. కాబట్టి వారానికొకసారి లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కిదిగుతాం. నార్కట్‌పల్లి రోడ్డు మీదికి చీకట్లో ఎవరూ పోవద్దు. ఆ లారీలకు మనం కనబడం. ఆడపిల్లలు ఒంటరిగా రావద్దని నేను చెప్పను. వాళ్లు ఒంటరిగా రావాల్సిన అవసరం లేకుండా మనం గుంపుగా ఉందాం. అన్నలూ, ఇంట్లో మీ ఆడవాళ్లు పొద్దున నాలుగింటికి షూ కట్టుకుంటుంటే పొయ్యి మీద చాయ్ మీరు పెట్టండి.

డబ్బు సంగతి కచ్చితంగా ఉండాలి. మనం ఎవరి చేతి డబ్బూ ముట్టం. నోటు పుస్తకంలో తేదీ, ఆనాటి కిలోమీటర్లు, మాట ఇచ్చినవాళ్ల పేరు, అంతే రాస్తాం. చివరికి లెక్క చూపిస్తే వాళ్లే నేరుగా సంస్థకు కట్టి రసీదు తెచ్చుకుంటారు. మనం అనుకున్నది ముంబైలోని టాటా మెమోరియల్, అణుశక్తి విభాగం కింద నడిచే సంస్థ. కట్టేటప్పుడు ఏ పద్దుకని అడిగి, పరిశోధనకని రాయించండి. విరాళానికి పన్ను రాయితీ కావాలంటే 2,000 రూపాయలు దాటిన విరాళం నగదుగా ఇవ్వొద్దు, బ్యాంకు ద్వారా కట్టాలి. రూపాయి ఇవ్వలేనివాళ్లు పావలా చొప్పున రాయించుకున్నా ఆ పేరు పుస్తకంలో ఉండాలి. బడి పిల్లల దగ్గర మాత్రం అడగకండి.

గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకుని రండి. ముప్పై ఏళ్లు దాటిన అక్కలు, చెల్లెళ్లు ప్రభుత్వ దవాఖానాలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు చేయించుకోండి, వాటికి డబ్బు అడగరు. ఒక్కరే పోవడానికి మొహమాటమైతే నాకు చెప్పండి, నేను వస్తాను. ఆదివారం పొద్దున నాలుగున్నరకు కాలేజీ గ్రౌండు గేటు దగ్గర కలుద్దాం. కొత్త షూ వేసుకుని రావద్దు, పాతవే వేసుకురండి. నోటు పుస్తకాలు నేను తెస్తాను.